పొదుపు మన మాట

వంటకు కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు వెనక్కి తీసి వేరే డబ్బాలో వేయడం, పోపుల డబ్బాలో నోటు మడిచి దాచడం, వీధిలో పదిమంది కలిసి చీటీ కట్టుకోవడం... తరతరాలుగా ఆడవాళ్లు చేస్తూ వచ్చిన ఈ పనులన్నింటికీ కలిపి మనం పెట్టుకున్న పేరు పొదుపు. మొగుడి కంట పడకుండా దాచిన ఆ డబ్బు కూడా తన చీర కోసమో సినిమా కోసమో కాదు. పిల్లాడికి జ్వరం వచ్చే రోజు కోసం, కూతురి పరీక్ష ఫీజు కోసం. అలాంటి మాటను ప్రభుత్వాలు మన నోట్లోంచి తీసుకుని మళ్లీ మన మీదికే విసురుతున్నాయి. ఖజానాలో డబ్బు లేదు, పొదుపు చర్యలు తప్పవు అంటున్నాయి. ఈ మాట లండన్‌లో 2010లో విన్నారు. హైదరాబాదులో దానికి పన్నెండేళ్ల ముందే విన్నాం. విశాఖలో ఉక్కు కార్మికుల కుటుంబాలు 2021 నుంచి వింటూనే ఉన్నాయి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రభుత్వం తగ్గించానని చెప్పుకునే సంక్షేమ ఖర్చు ఎక్కడికీ పోదు. ఆసుపత్రిలో మంచం తగ్గితే రోగి ఇంటికొస్తాడు, ఆ రోగికి సేవ చేసేది ఇల్లాలు. రేషను బియ్యం ధర పెరిగితే కంచంలో తగ్గేది చివర తినేవాళ్ల అన్నం. అంగన్‌వాడీ తలుపు మూస్తే పసివాడు తల్లి చంకెక్కుతాడు, ఆ తల్లి ఆ రోజు కూలి పోగొట్టుకుంటుంది. కాబట్టి ఇది పొదుపు కాదు, బదిలీ. ప్రభుత్వ పద్దులోంచి తీసి ఆడవాళ్ల పద్దులో రాయడం. ఆడవాళ్ల పద్దు ఎవరూ తెరిచి చూడరు గనక అక్కడ రాసింది ఎప్పటికీ అప్పుగా కనిపించదు.

దేశాన్ని ఇంటితో పోల్చి, బడ్జెట్‌ను ఇల్లాలి సరుకుల చీటీతో పోల్చి మాట్లాడటాన్ని రాజకీయ కళగా మార్చింది మార్గరెట్ థాచర్. 1979 ఎన్నికల ప్రచారంలో బజారు సంచులు చేతపట్టి ధరల గురించి మాట్లాడింది. ఇల్లు నడిపే ఏ స్త్రీకైనా దేశం నడపడంలోని చిక్కులు అర్థమవుతాయన్నది ఆమె వాదన. కానీ అదే థాచర్ 1971లో విద్యాశాఖ మంత్రిగా ఉండి, ఏడేళ్లు దాటిన బడిపిల్లలకు ఉచితంగా ఇచ్చే పాలు ఆపేసింది. 'పాల దొంగ' అని జనం పేరు పెట్టారు. మన ఇళ్లలో ఏ ఇల్లాలైనా డబ్బు చాలనప్పుడు మొదట పిల్లల పాలు మాన్పిస్తుందా? తన కాఫీ మానేస్తుంది, తన మందులు మానేస్తుంది, చివరికి తన భోజనం మానేస్తుంది. అది న్యాయమని నేను అనడం లేదు. ఆ త్యాగం వెనక ఎంత పితృస్వామ్యం ఉందో మనందరికీ తెలుసు. అయినా ఆమె వరసలో పిల్లలు ముందుంటారు. ప్రభుత్వాల వరసలో కోతకు పిల్లలు ముందుంటారు. ఇల్లాలితో పోలిక పెట్టేవాళ్లు కనీసం ఆ వరస గురించైనా సిగ్గుపడాలి.

బ్రిటన్ పొదుపుకు మన నేల మీద పాత చరిత్రే ఉంది. 1876-78 కరువులో కర్నూలు, కడప, బళ్లారి, నెల్లూరు ప్రాంతాలు మాడిపోయినప్పుడు వైస్రాయి లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపి, విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించాడు. అదే నెలలో సహాయ పనుల ఖర్చు తగ్గించడానికి రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు రాజధానికి పంపాడు. పగలంతా మట్టి తవ్వే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అర కిలో కూడా లేనంత, చాలునని టెంపుల్ లెక్క కట్టాడు. ఆ కూలితో మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ మొత్తుకున్నాడు. దర్బారుకు లేని పొదుపు గంజికి వచ్చింది. ఈ సంగతి ఎందుకు గుర్తు చేస్తున్నానంటే, ఖజానా ఎప్పుడూ అందరికీ ఒకేసారి ఖాళీ కాదు. ఎవరి ముందు ఖాళీ అవుతుంది, ఎవరి ముందు నిండుతుంది అన్నదే రాజకీయం.

మన అనుభవానికే వద్దాం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై ఊరూరా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని నిషేధింపజేసింది. ఒకటి కంచంలోకి అన్నం తెచ్చింది, ఒకటి ఇంట్లోకి కూలి డబ్బులు తెచ్చింది. 1996 తర్వాత ఏం జరిగింది? బియ్యం ధర మూడున్నరకు, తర్వాత అయిదుంపావుకు పెరిగింది. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. 1998లో ప్రపంచ బ్యాంకుతో ఆర్థిక పునర్నిర్మాణ ఒప్పందం కుదిరింది. కరెంటు బోర్డును ముక్కలు చేశారు. 2000లో పెంచిన కరెంటు చార్జీలకు వ్యతిరేకంగా కదిలిన జనం మీద ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిపి ముగ్గురిని చంపారు.

అవే రోజుల్లో ఆడవాళ్లకు ఊరూరా ఒక ఉపదేశం అందింది: రోజుకు ఒక రూపాయి పొదుపు చేయండి, మీ పేదరికం మీరే పోగొట్టుకోండి. నెల్లూరు పొదుపు లక్ష్మి నుంచి డ్వాక్రా సంఘాల దాకా ఆడవాళ్లు కలిసి కూర్చోవడంలో, బ్యాంకు మెట్లెక్కడంలో దొరికిన ధైర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ రెండు చేతుల ఆటను చూడకుండా ఎలా ఉంటాం? ఒక చేత్తో బియ్యం మీద, కరెంటు మీద లాక్కున్నారు. రెండో చేత్తో హుండీ ఇచ్చి దాచుకోమన్నారు. "మీ ఆదాయం సారా మీద ఎందుకు నడవాలి?" అని ప్రభుత్వాన్ని నిలదీసిన స్త్రీని, "నీ ఆదాయం నువ్వే చూసుకో" అని సంఘం పుస్తకం చేతికిచ్చి కూర్చోబెట్టారు. ఖజానాను ప్రశ్నించిన ఉద్యమం పాసుపుస్తకంగా కుదించుకుపోయింది. ఆ పొదుపు సంఘాల వెంటే మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చాయి. వారం వారం గుమ్మం ముందు కూర్చుని వసూళ్లు చేసి, ఆత్మహత్యల దాకా తెచ్చాక, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తీసుకురావలసి వచ్చింది.

ఇందులో బ్రిటన్ చేయి కూడా ఉంది. విశాఖలో మురికివాడల అభివృద్ధికి 1988 నుంచి బ్రిటిష్ ప్రభుత్వమే డబ్బిచ్చింది. వీధులు వేశారు, కాలవలు కట్టారు. పదేళ్లు తిరిగేసరికి అదే బ్రిటన్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ మన రాష్ట్ర ప్రభుత్వ రంగ సంస్థల్ని అమ్మడానికీ మూయడానికీ పెట్టిన ఇంప్లిమెంటేషన్ సెక్రటేరియట్‌కు డబ్బిచ్చింది. అక్కడ సలహాలు చెప్పింది లండన్‌కు చెందిన ఆడమ్ స్మిత్ ఇన్‌స్టిట్యూట్ నిపుణులు. బ్రిటిష్ పేదలు కూడా కట్టిన పన్నులతో మన మిల్లులకు తాళాలు వేసే విద్య నేర్పారు.

ఆ తాళాలు తిరిగి వాళ్ల తలుపులకే పడ్డాయి. 2008లో బ్యాంకులు కూలితే ప్రజల డబ్బుతో వాటిని నిలబెట్టారు. 2010లో కామెరాన్ ప్రభుత్వం వచ్చి, ఆర్థిక మంత్రి ఆస్బార్న్ చేతుల మీదుగా, ఆ ఖర్చును సంక్షేమం నుంచి రాబట్టడం మొదలుపెట్టింది. 2013లో ఇంట్లో ఒక గది ఎక్కువుందని పేదల అద్దె సాయం కోశారు. అన్ని సాయాలనూ కలిపి యూనివర్సల్ క్రెడిట్ అన్నారు. మొదటి చెల్లింపు చేతికి రావడానికి అయిదు వారాలు ఆగాలి. భార్యాభర్తలిద్దరికీ కలిపి మామూలుగా ఒకే ఖాతాలో వేస్తారు. కొట్టే మొగుడి నుంచి పారిపోదామనుకునే స్త్రీకి ఆ ఒక్క ఖాతా ఎంత పెద్ద గొలుసో మనకు వేరే చెప్పనక్కర్లేదు. 2017 ఏప్రిల్ నుంచి మూడో బిడ్డకు సాయం లేదన్నారు. ఒక మినహాయింపు ఇచ్చారు: ఆ బిడ్డ అత్యాచారం వల్ల పుట్టిందని తల్లి రాసి ఇస్తే సాయం ఇస్తారు! ఒక స్త్రీ తన ఒంటి మీది గాయాన్ని దరఖాస్తులో నింపి పిల్లకు పాలడబ్బా తెచ్చుకోవాలి. దీన్ని సంస్కరణ అన్నారు.

2010 నుంచి పన్నుల్లో, సాయాల్లో చేసిన మార్పుల వల్ల ప్రభుత్వం మిగుల్చుకున్న దానిలో 86 శాతం ఆడవాళ్ల జేబుల్లోంచే వచ్చిందని బ్రిటిష్ పార్లమెంటు దిగువసభ గ్రంథాలయం లెక్క తేల్చింది. 2018లో ఐక్యరాజ్యసమితి తరఫున వెళ్లి చూసిన ఫిలిప్ ఆల్‌స్టన్ ఈ విధానాలు ఆడవాళ్ల మీద ఎంత కక్షగా పనిచేస్తున్నాయో నివేదికలో రాశాడు. ఆడవాళ్లూ ఊరుకోలేదు. లండన్‌లో నల్లజాతి, ఆసియా స్త్రీల కోసం 1979 నుంచి పనిచేస్తున్న సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ తమ నిధుల కోత మీద కోర్టుకెళ్లి 2008లో నెగ్గారు. షెల్టర్ల మూసివేతలకు వ్యతిరేకంగా 2014లో సిస్టర్స్ అన్‌కట్ పుట్టింది. పార్టీ మారితే రాత మారుతుందనుకున్నవాళ్లకు 2024 జూలైలో ఒక పాఠం దొరికింది. గెలిచి వచ్చిన లేబర్ ప్రభుత్వం ఆ ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేయాలని ఓటేసిన తన ఏడుగురు సభ్యుల్నే సస్పెండ్ చేసింది. 2026 ఏప్రిల్ నుంచి ఎత్తేస్తామని 2025 నవంబరు బడ్జెట్‌లో గానీ ప్రకటించలేదు.

బ్రెగ్జిట్‌ను ఈ కోతల నుంచి విడదీసి చూడలేం. సంక్షేమం ఎక్కువ కోతపడిన చోట్లే యూరప్ నుంచి విడిపోవాలన్న ఓటు పెరిగిందని వార్విక్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త థీమో ఫెట్జర్ 2019లో చూపించాడు. రెడ్‌కార్‌లో ఉక్కు కర్మాగారం 2015లో మూతపడింది. మరుసటేడు ఆ ప్రాంతంలో ప్రతి ముగ్గురు ఓటర్లలో దాదాపు ఇద్దరు విడిపోవడానికే ఓటేశారు. వేల్స్‌లో పోర్ట్ టాల్బట్ మన విశాఖలాగే రేవూ ఉక్కూ కలిసిన ఊరు. అక్కడి కర్మాగారం మన టాటాలది. ఆ ప్రాంతమూ విడిపోవడానికే ఓటేసింది. 2024 సెప్టెంబరులో అక్కడి చివరి బ్లాస్ట్ ఫర్నేస్ కూడా ఆరిపోయింది. ఆ జనం కోపం నిజమైనదే. దాని చిరునామా మాత్రం మార్చేశారు. డాక్టరు దొరకకపోవడానికి కారణం కోత కాదు, పక్కింట్లో దిగిన వలస కుటుంబం అన్నారు. ఇల్లు దొరకకపోవడానికి కారణం పోలెండు నుంచి వచ్చినవాళ్లు అన్నారు. పొదుపు మిగిల్చిన ఆకలిని ద్వేషంతో నింపారు. ఓటు వేసిన పదేళ్లకు వాళ్లకు ఆసుపత్రీ రాలేదు, ఉక్కూ నిలవలేదు.

విశాఖలో ఆ కథ ఎక్కడిదాకా వచ్చింది? 1966లో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ఉక్కు కర్మాగారం ఇది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. అరవైకి పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. నిర్వాసితులకు ఆర్-కార్డులు ఇచ్చి ఉద్యోగాలు ఇస్తామన్నారు. తల్లులు పొలం పోగొట్టుకున్నారు, కార్డు మగవాళ్ల పేరు మీద చేరింది, ఎన్నో ఇళ్లలో ఆ కార్డుకు ఉద్యోగం రానేలేదు. ఇంత పెద్ద కర్మాగారానికి సొంత ఇనుప గనులు మాత్రం ఇవ్వలేదు. పోపుల డబ్బా ఇచ్చి అందులో దినుసులు ఇవ్వకుండా రుచి లేదని తిట్టినట్టు, గనులివ్వకుండా నష్టాలొస్తున్నాయని తిట్టారు. 2021 జనవరి 27న నూరు శాతం వాటా అమ్మేయడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అమ్ముతామన్న తర్వాతి ఆర్థిక సంవత్సరం 2021-22లోనే ఆ కర్మాగారం 913 కోట్ల లాభం చూపించింది! 2021 ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెం కూడలిలో రిలే నిరాహార దీక్షలు నడిచాయి. ఆ శిబిరంలో ఆడవాళ్లే కూర్చున్న రోజులూ ఉన్నాయి.

2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఆ ఏడాదే ఒకవైపు స్వచ్ఛంద పదవీ విరమణ, మరోవైపు ఒప్పంద కార్మికుల తొలగింపు జరిగాయి. ప్యాకేజీ కోట్లు పత్రికల మొదటి పేజీలో వచ్చాయి. ఊడ్చే పని, క్యాంటీన్ పని, మొక్కల పని చేసే ఒప్పంద కూలీ స్త్రీల పేర్లు ఏ పేజీలోనూ రావు. మగవాడి ఉద్యోగం పోతే గాజువాక, అగనంపూడి ఇళ్లలో ఏం జరుగుతుందో ఏ ప్యాకేజీ లెక్కలోనూ లేదు. అప్పటిదాకా ఇల్లు చూసుకున్నామె నాలుగిళ్లలో అంట్లు తోమడానికి బయలుదేరుతుంది. తిరిగొచ్చి తన ఇంటి అంట్లు తోముతుంది. ఆయన అవమానం రాత్రిపూట ఆమె వీపు మీద దిగుతుంది. ఇదే నగరంలో హిందుస్థాన్ జింక్‌ను 2002లో ప్రైవేటు చేతికి ఇచ్చారు. పదేళ్లకు ఇక్కడి స్మెల్టర్ మూతపడింది. ఆ కుటుంబాల ఆడవాళ్లు తర్వాత ఎలా బతికారో ఎవరైనా ఒక్క పుస్తకం రాశామా?

కోపం చిరునామా మార్చే పని ఇక్కడా మొదలైంది. ఉద్యోగాలు పోయింది ఒడిశా నుంచీ బీహారు నుంచీ తక్కువ కూలికి వచ్చినవాళ్ల వల్ల అంటారు. మన పన్నులన్నీ 'ఉచితాలు' తింటున్నాయి అంటారు. 2022లో ప్రధానమంత్రి ఉచిత పథకాలను పంచిపెట్టే మిఠాయితో పోల్చాక ఆ మాటకు మరింత గౌరవం వచ్చింది. అపార్ట్‌మెంట్లలో, కాలేజీ స్టాఫ్ రూముల్లో కూడా ఇదే మాట. పేదలు ఏదడిగినా 'గొంతెమ్మ కోరికలు' అని కొట్టిపారేయడం మనకు అలవాటు. గొంతెమ్మ అంటే కుంతి. అడగకూడనిది అడిగే మనిషికి భాష పెట్టిన పేరు కూడా ఆడపేరే!

ఇక అడిగినవాళ్లకు దొరికేదేమిటో చూడండి. గత ప్రభుత్వం పథకాలకు 'ఆరు దశల పరిశీలన' పెట్టింది. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు, కారు ఉండకూడదు, పట్టణంలో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు ఉండకూడదు, ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవాళ్లుండకూడదు... ఇలాగ. నాకు తెలిసిన ఒకామె మూడు వాటాల ఇంట్లో ఒక వాటాలో అద్దెకుండేది. మూడు వాటాలకూ ఒకటే మీటరు, అది ఆమె ఆధారుకు తగులుకుంది. యూనిట్లు దాటాయని పేరు తీసేశారు. తన ఇంట్లో ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫ్యాను అని రుజువు చేయడానికి ఆమె ఒక కార్యాలయం చుట్టూ ఎన్ని పూటలు తిరిగిందో, ఎన్ని పూటల కూలి పోగొట్టుకుందో ఆ కంప్యూటరుకు తెలియదు. పదకొండోసారి వెళ్లినప్పుడు "ఇదిగో తల్లీ, సిస్టమ్ ఒప్పుకోవట్లేదు" అన్నారట. యూనివర్సల్ క్రెడిట్ ముందు కూర్చున్న బ్రిటిష్ తల్లి విన్నదీ ఈ మాటే. 2013 ఆహార భద్రత చట్టం ఇంట్లో పెద్ద స్త్రీని రేషను కార్డుకు యజమానిని చేసింది. మంచిదే. దానితోపాటు క్యూ కూడా ఆమెదే, వేలిముద్ర పడకపోతే తిరిగి రావడమూ ఆమెదే.

పిల్లల లెక్క చూస్తే మరీ విచిత్రం. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పోటీ చేయకూడదంది. 2020లో మొదలైన అమ్మ ఒడి, ఎందరు బిడ్డలున్నా తల్లికి ఒక్కసారే అంది. 2024 నవంబరులో ఇద్దరు పిల్లల నిబంధన తీసేశారు, ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే చెబుతున్నారు. 2025లో తల్లికి వందనం ప్రతి బిడ్డకూ అన్నారు. కనవద్దన్నా, కనమన్నా వాళ్ల లెక్కల కోసమే. మన గర్భసంచి వాళ్ల బడ్జెట్ పద్దులో ఒక వరస.

ఇన్ని పథకాలు ఆడవాళ్ల పేరు మీదే కదా, ఖాతాలో డబ్బులు పడుతున్నాయి కదా, ఆడవాళ్లకు బస్సు కూడా ఉచితం కదా అని అడిగేవాళ్లుంటారు. ఆ డబ్బు, ఆ బస్సు అవసరమే. వాటిని తప్పుపట్టే హక్కు రాయితీ మీద గ్యాసు, విమానాశ్రయం, సబ్సిడీ భూముల్లో కట్టిన కార్పొరేట్ ఆసుపత్రి వాడుకునే ఎవరికీ లేదు. నా అభ్యంతరం వేరు. ఆడదాన్ని లబ్ధిదారుగా చేర్చుకునే ప్రభుత్వం ఆమెను కార్మికురాలిగా ఒప్పుకోదు. 2023 డిసెంబరు 12న రాష్ట్రమంతా అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. కార్యకర్తకు 11,500, ఆయాకు 7,000. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఆ సమ్మె 42 రోజులు నడిచింది. 'అక్కచెల్లెమ్మల' ప్రభుత్వం 2024 జనవరిలో వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవ అన్నమాట! సమ్మె చేస్తే అత్యవసరం, జీతం అడిగితే స్వచ్ఛంద సేవ. అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ హక్కుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాక కూడా దాన్ని సమ్మె చేసి అడగాల్సి వచ్చింది.

బడిలో అన్నం వండే స్త్రీల సంగతి ఇంకా నవ్వొస్తుంది. నెలకు వెయ్యి ఉన్న వాళ్ల గౌరవ వేతనాన్ని 2019లో మూడు వేలు చేశారు. రోజుకు వంద రూపాయలు. పథకం పేరు ఒకసారి గోరుముద్ద, 2024 నుంచి డొక్కా సీతమ్మ. గోదావరి లంకల్లో దారినపోయే ఎవరికైనా కులం అడగకుండా అన్నం పెట్టిందని చెప్పుకునే సీతమ్మ పేరు పెట్టడం గౌరవమే. కానీ సీతమ్మను అన్నపూర్ణ అని కొలుస్తూ, ఆమె పని రోజూ చేస్తున్న దళిత, బీసీ స్త్రీకి వంద రూపాయలివ్వడం ఏ గౌరవం? అన్నం పెట్టడాన్ని పుణ్యం చేసేస్తే కూలి అడగడం పాపం అవుతుంది. ఆ కిటుకు తెలిసే పెట్టారు ఆ పేరు.

కామెరాన్ 2010లో 'బిగ్ సొసైటీ' అన్నాడు. ప్రభుత్వం తప్పుకుంటుంది, ఇరుగుపొరుగు, దాతలు చూసుకుంటారన్నాడు. బ్రిటన్‌లో ఆ తర్వాత పెరిగినవి ఫుడ్ బ్యాంకులు. మన రాష్ట్రంలో 2025 ఉగాదినాడు పీ-ఫోర్ మొదలైంది. డబ్బున్నవాళ్లు 'మార్గదర్శులు', పేదలు 'బంగారు కుటుంబాలు', వీళ్లను వాళ్లు దత్తత తీసుకోవాలి. దత్తత అన్న మాట వింటేనే ఒళ్లు మండుతుంది. ఓటున్న పౌరుల్ని ఎవరైనా దత్తత తీసుకుంటారా? హక్కుగా అడిగి తెచ్చుకున్నదాన్ని దయగా చేతులు చాచి తీసుకోమనడం ఇది. దాతకు ఇష్టం పోయిన రోజు బంగారం ఇత్తడైపోతుంది. దయ చూపిన ఇంటికి వెళ్లి ఎవరి కూతురు పని చేసి రుణం తీర్చుకోవాలో కూడా మనకు తెలుసు.

"మరి డబ్బు ఎక్కడిది?" ఈ ప్రశ్నకు విశాఖలోనే జవాబుంది. రుషికొండను గుండు చేసి గత ప్రభుత్వం కట్టిన భవంతులకు వందల కోట్లున్నాయి. ఇదే నగరంలో 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇవ్వడానికి ఇప్పటి ప్రభుత్వానికి మనసుంది. 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీల పన్ను తగ్గించినప్పుడు ఏడాదికి లక్షా నలభై అయిదు వేల కోట్లు వదులుకుంటున్నామని ఆర్థిక మంత్రే చెప్పారు. అక్కడ ఆరు దశల పరిశీలన లేదు. కంపెనీకి కరెంటు ఎన్ని యూనిట్లు కాలుతోందని ఎవరూ అడగరు. ఉద్యోగాలొస్తాయన్న మాట మీద నమ్మకంతో ఇస్తారు. పిల్లవాడు బతుకుతాడన్న తల్లి మాట మీద మాత్రం నమ్మకం ఉండదు, ధ్రువపత్రం కావాలి.

ఈ పత్రిక చదివే మనం రాసేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం. శరీరం గురించి, అస్తిత్వం గురించి, లైంగికత గురించి మనం చాలా రాశాం, ఇంకా రాయాలి. బడ్జెట్ మాత్రం ఆర్థికశాస్త్రం మగవాళ్లకు వదిలేసిన సబ్జెక్టులా పక్కనే ఉండిపోయింది. బడ్జెట్ రోజున టీవీలో కూర్చునే నలుగురిలో ముగ్గురు మగవాళ్లు, వాళ్లు మాట్లాడేది లోటు గురించి. ఇంట్లో లోటు భర్తీ చేసేవాళ్ల గురించి మాట్లాడాల్సింది మనం. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఒక అంగన్‌వాడీ మూసినప్పుడు, ఒక రేషను దుకాణం దూరమైనప్పుడు, ఒక వార్డు మూసినప్పుడు ఆ 289 ఎంత పెరుగుతుందో ఏ బడ్జెట్ పత్రమూ చెప్పదు. చెప్పించాలి. ప్రతి కోతకూ పక్కన ఒక వరస ఉండాలి: ఈ కోత వల్ల ఆడవాళ్లు ఎన్ని గంటలు అదనంగా పనిచేయాలి, ఆ గంటల కూలి ఎంత, అది ఎవరు చెల్లిస్తారు?

విశ్వవిద్యాలయాల్లో మన దగ్గర పరిశోధక విద్యార్థినులున్నారు. ఉక్కు కర్మాగారం వీధుల్లో, మూతపడిన స్మెల్టర్ చుట్టూ, రేవు పక్క వాడల్లో ఆ గంటల లెక్క రాయించండి. కథలు రాసేవాళ్లు ఆ గుమ్మాల్లోకి వెళ్లండి. అంగన్‌వాడీలు మళ్లీ రోడ్డెక్కిన రోజున వాళ్ల పక్కన కూర్చోండి. వాళ్ల డిమాండ్ల పత్రం సాహిత్యం కాదని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

ప్రభుత్వాలు పొదుపు చేయదలిస్తే మాకేం అభ్యంతరం లేదు. 99 పైసల భూముల్లో చేయండి. కొండ మీది భవంతుల్లో చేయండి. పిల్లల గుడ్డు మీద, ముసలమ్మ మందుల మీద, అంగన్‌వాడీ జీతం మీద చేసేదాన్ని మాత్రం పొదుపు అనకండి. దానికి తెలుగులో వేరే మాటుంది. దోపిడీ.